పెద్దవాళ్ల మందుల నమూనాలు మే నెలలో తీయండి

ఔషధ నియంత్రణ డైరెక్టర్ జనరల్ గారికి,

హన్మకొండ నుంచి ఒక ఫార్మసీ పరిశోధక విద్యార్థి నమస్కారాలు.

బీపీ, షుగర్ మాత్రల నమూనాలను దయచేసి నడి ఎండాకాలంలో తీయించండి. అదీ నర్సంపేట, ములుగు, భూపాలపల్లి దుకాణాల నుంచి. చాలా అట్టల మీద 30 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటది. మే నెలలో మా దగ్గర ఎండ 40 దాటుతుంది. రేకుల కప్పు కింద, కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ పెట్టెలు ఎంత కాగుతాయో మీకు చెప్పనక్కర్లేదు.

మందు పాళ్లు సరిపోయాయని అక్కడితో ఆగొద్దు సార్. హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి చూపే ల్యాబ్ పరీక్ష) గీతలో అసలు మందు చూపే పెద్ద శిఖరం పక్కన, మలినం ఉంటే గోరంత మిట్ట లేస్తుంది, చూడాల్సింది దాన్ని. మలినంతో ముప్పుకు ఒక ఉదాహరణ: 2018లో బీపీ మందు వల్సార్టాన్‌లో, తయారీలోనే చేరిన ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ ముప్పున్న మలినం బయటపడి ఎన్నో దేశాలు సరుకును వెనక్కి రప్పించాయి. దానికి రోజు పరిమితి 96 నానోగ్రాములే. అంత సూక్ష్మాన్ని పట్టాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువులను వాటి బరువును బట్టి గుర్తించే పరీక్ష) ఉండాల్సిందే.

ఎన్‌డీఎంఏ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. వయసు మీదపడ్డ కణాల్లో ఆ దెబ్బలను సరిచేసుకునే శక్తి సన్నగిల్లుతుంది, కిడ్నీల వడపోతా తగ్గుతుంది. ఆ మాత్రలు ఏళ్ల తరబడి రోజూ మింగేది ఆ పెద్దవాళ్లే. (ఇది చదివి ఎవరూ మాత్రలు మానొద్దు, మానితే ముప్పు ఇంకా పెద్దది.)

నాణ్యత లేని మందుల జాబితాను కేంద్రం ప్రతి నెలా ఇంగ్లిష్‌లో ఇస్తోంది. దాన్ని బ్యాచ్ నంబర్లతో సహా తెలుగులో ప్రతి మెడికల్ షాపు ముందు అంటించేలా ఆదేశాలివ్వండి.