దామెర్ల డాక్యుమెంటరీ పది నిమిషాలేనా?

సంపాదకుల వారికి,

చిత్రకారుడు దామెర్ల రామారావు మీద డాక్యుమెంటరీ తీస్తున్నారని మీ పత్రికలో చదివి పది రోజులైంది. ముందు సంతోషించాను. నిడివి పది నిమిషాలని చివర్లో చూశాక మనసు ఊరుకోలేదు.

1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారాయన. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ కాస్త కాలంలోనే బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చిత్రకళ చదువుకుని, తిరిగొచ్చి మన రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి మరికొందరిని చిత్రకారుల్ని చేశారు. ఆయన భార్య సత్యవాణి గారు, తోడబుట్టిన బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారులే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో ఏముందో గుర్తుపట్టి ప్రోత్సహించాడు. పరాయి దేశం వాడికి కనిపించింది మన అధికారులకు ఎందుకు కనిపించదు? ఈ సంగతులన్నీ పది నిమిషాల్లో ఎలా పడతాయి?

ఆయన వేసిన ‘పుష్పాలంకరణ’ బొమ్మ ఎదుట నేను గంటసేపు నిలబడ్డ రోజులున్నాయి. ఆ ఆడవాళ్ల ఒంటి వంపుల్లో అజంతా కనిపిస్తుంది, ముఖాలు మాత్రం మన ఇళ్లలోవే. కెమెరా అక్కడ నిలబడాలి. వెనకాల గంభీరమైన గొంతుతో పుట్టిన తేదీ, పోయిన తేదీ చదివిస్తే అది డాక్యుమెంటరీ కాదు. ఇంకో మాట. నీటిరంగులు పెద్ద లైట్ల వేడికీ వెలుగుకీ తట్టుకోవు. షూటింగ్ పేరుతో బొమ్మల్ని పాడుచేయొద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

నాలుగేళ్ల కిందట మా స్కూలు పిల్లలతో కలిసి ఇలాంటి చిన్న వీడియో తీద్దామని అనుమతి కోసం ఒక ఆఫీసుకి వెళ్లాను. అర్జీ ఇస్తే ఇంకో సెక్షన్‌కి పొమ్మన్నారు. అక్కడ ఫైలు కనబడలేదన్నారు. ఏడు నెలలు తిరిగాను. పిల్లలు స్కూలు దాటి వెళ్లిపోయారు. విగ్రహాలకీ ఫ్లెక్సీలకీ రాత్రికి రాత్రే దొరికే డబ్బు, అనుమతి కళ దగ్గరికొచ్చేసరికి ఎందుకు దొరకవు? స్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారు పోస్టు ఖాళీ అయితే నింపే దిక్కు లేదు. పిల్లలకు రామారావు పేరు ఎవరు చెబుతారు?

రామారావు గారి తర్వాత ఆ కళాశాలను మోసిన వరదా వెంకటరత్నం గారి దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే ఎనభై దాటి ఉంటారు. స్క్రిప్టు సంగతి తర్వాత, ముందు కెమెరా తీసుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లండి. రామారావు గారు పోయి 2025తో వందేళ్లు నిండాయి. కనీసం గంట సినిమా తీయండి.

ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
రాజమహేంద్రవరం