మొదట కొబ్బరికాయ, తర్వాతే తలకాయ

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ఉద్దానం, కవిటి మండలం. న్యూరోసర్జరీలో, అంటే మెదడు ఆపరేషన్లలో, ఎంసీహెచ్ అనే పై చదువు చేస్తున్నాను. సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా పెరట్లో నేను చేసే పని చూసి మా అమ్మ నవ్వుతుంది. పీచు తీసిన కొబ్బరికాయను కదలకుండా బిగించి, చేతి డ్రిల్లుతో చిప్పకు చిల్లు పెడుతుంటాను. చిప్ప తెగాలి, లోపలి కొబ్బరికి గీత కూడా పడకూడదు. చిప్ప పుర్రె ఎముక అనుకుంటే, కొబ్బరి దాని కింద మెదడును కప్పి ఉండే డ్యూరా పొర. చిప్ప ఆఖరి పొర తెగబోయేటప్పుడు చప్పుడు మారుతుంది, డ్రిల్లు ఒక్కసారిగా తేలికవుతుంది. అప్పుడు చెయ్యి ఆగాలి. మొదట్లో చాలా కాయలకు ఆగలేదు. నీళ్లు మొహాన చిమ్మాయి, ఇంట్లో రోజూ కొబ్బరి పచ్చడే.

అయితే కొబ్బరికాయ కంటే ముందు నేను మనిషి తల మీద చేశాను. మాలాంటివాళ్లు ముందు బొమ్మల మీద చెయ్యి తిప్పుకోవడానికి ఒక చిన్న ల్యాబ్ కావాలి. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

అది ఏ ఆసుపత్రో చెప్పను. రాత్రి రెండు గంటలు. మెదడులో రక్తనాళం చిట్లి, లోపలి నీటి గదులు నిండి, ఒకావిడ స్పృహ కోల్పోయి వచ్చింది. ట్యూబు వేసి ఆ నీటిని బయటికి తీయాలి. మా భాషలో ఈవీడీ. సీనియర్ పక్క థియేటర్‌లో ఇంకో కేసులో ఉన్నారు, ఫోన్ స్పీకర్‌లో చెబుతున్నారు. ముక్కు మొదలు నుంచి 11 సెంటీమీటర్లు వెనక్కి, నడిగీతకు 3 సెంటీమీటర్లు పక్కకి. అక్కడ చిల్లు. ట్యూబు మొనను చిల్లు పెట్టిన వైపు కంటి లోపలి కొస సూటిలో, చెవి ముందున్న బుడిపె సూటిలో పెట్టి లోపలికి తొయ్యాలి. లోపల ఏమీ కనపడదు. ఆరు సెంటీమీటర్ల లోపే పల్చటి పొర తెగినట్టు వేలికి తెలియాలి, నీరు రావాలి. పుస్తకంలో ఇదంతా నాకు కంఠతా వచ్చు. వేలికి మాత్రం ఏమీ తెలియలేదు. రెండుసార్లు వేస్తే రాలేదు. మూడోసారి వచ్చింది.

బయట వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "బాబూ, మా గుంట బతుకుతాదేటి?" అంది. బతికింది. మర్నాటి స్కాన్‌లో నా మొదటి రెండు దారుల్లో ఒకదాని వెంట సన్నటి రక్తపు గీత కనిపించింది. దానివల్ల ఆమెకు నష్టమేమీ జరగలేదు. అయినా ఆ గీత సంగతి ఇంటివాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రెండు తప్పులూ ముందే వేరేచోట చేసి రావడానికి వీలుంది. కెనడా జాతీయ పరిశోధనా మండలి న్యూరోటచ్ అనే యంత్రం తయారు చేసింది. తెర మీద కణితి కనిపిస్తుంది, పరికరం కదిపితే చేతికి మెదడు మెత్తదనం తగులుతుంది, పొరపాటు చేస్తే రక్తం ఉబుకుతుంది. ఎంత బలం వాడామో లెక్క చెబుతుంది. అమెరికాలో న్యూరోసర్జరీలో కొత్తగా చేరే రెసిడెంట్లకు, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్లకు, 2010 నుంచి బూట్‌క్యాంపులనే ముందస్తు శిక్షణ పెడుతున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ న్యూరోసర్జరీ విభాగానికీ శిక్షణ ల్యాబ్ ఉంది.

కానీ అయ్యా, ఆ ఖరీదైన యంత్రం కొనిపెట్టమని నేను అడగడం లేదు. కొన్నాక దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, గదికి తాళం వేసి, తాళంచెవి బదిలీ అయిపోయిన ఉద్యోగి దగ్గర ఉండిపోతే ఏం లాభం? సీటీ స్కాన్ నుంచి త్రీడీ ప్రింట్ తీసిన పుర్రెలు, లోపల జెల్లీ మెదడు, రెండు డ్రిల్లులు, పాతదైనా పనిచేసే మైక్రోస్కోపు ఒకటి ఉన్న చిన్న ల్యాబ్ మా వైపు ఉంటే చాలు. కోడి రెక్కలోని సన్నటి రక్తనాళాన్ని తలవెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్టడం కూడా అక్కడే నేర్చుకోవచ్చు. కోడి ఖర్చు మేమే పెట్టుకుంటాం.

ఈ ల్యాబ్ విశాఖలోనే ఎందుకు పెట్టకూడదని మీరు అడగొచ్చు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైమాటే. హైవే మీద బండి మీంచి పడ్డవాడు కాసేపు మామూలుగానే మాట్లాడతాడు, తర్వాత మత్తుగా అయిపోతాడు, ఒక కంటిపాప పెద్దదవుతుంది. పుర్రెకూ డ్యూరాకూ మధ్య రక్తం గడ్డకడుతోందన్నమాట. అలాంటప్పుడు 108 విశాఖ చేరేదాకా ఆగలేని రోగికి దగ్గర్లోని జనరల్ సర్జనే చిల్లు పెట్టాలి. గడ్డ మొత్తం రాకపోయినా కొంత ఒత్తిడి తగ్గుతుంది. ఎప్పుడూ చెయ్యి పెట్టని పని అర్ధరాత్రి చెయ్యమంటే ఆ డాక్టరుకు ఎంత టెన్షనో నాకు తెలుసు. కాబట్టి ఆ ల్యాబ్ మా రెసిడెంట్లకే కాదు, ఇక్కడి సర్జన్లకూ కావాలి.

కొత్త భవనం అక్కర్లేదు. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యక్రమం ప్రకారం ప్రతి కాలేజీలో స్కిల్స్ ల్యాబ్ ఉండాలి. శ్రీకాకుళంలో 2008 నుంచి, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఆ ల్యాబుల్లో ఒక మూల ఇప్పించండి. నేర్పడానికి ఒక మనిషిని, మాకు వారానికి ఒక పూట డ్యూటీ లేని సమయాన్ని జీవోలో రాయించండి. జీవోలో లేని తీరిక మాకు దొరకదు. ఇన్నిసార్లు బొమ్మ మీద సరిగ్గా చేసి, సీనియర్ సంతకం పెట్టించుకున్నాకే రోగి దగ్గరికి వెళ్లాలన్న నియమం కూడా పెట్టండి. బొమ్మ మీద చేయి తిరిగినంత మాత్రాన ఎప్పుడు చిల్లు పెట్టాలో, ఎప్పుడు ఆగాలో తెలిసిపోదు. అది మా సీనియర్ల పక్కన నిలబడే నేర్చుకోవాలి.

మీరు శ్రీకాకుళం వచ్చినప్పుడు పది నిమిషాలు ఇవ్వండి. డ్రిల్లూ కాయలూ నేనే తెస్తాను. ఒకసారి మీరే చిల్లు పెట్టి చూద్దురు గాని. చొక్కా మీద నీళ్లు పడతాయి, తువ్వాలు కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక న్యూరోసర్జరీ రెసిడెంట్,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా