యిర్మీయా ఉత్తరంలోని డెబ్బై ఏళ్ల మాట

సంపాదకుల వారికి,

మొన్న ఆదివారం మీ ఆధ్యాత్మిక పేజీలో బైబిల్లోని యిర్మీయా ప్రవక్త గ్రంథం 29:11 మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసిన పాస్టరు గారి భాష చక్కగా ఉంది. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట ఎవరికి చేదు? అయితే వ్యాసమంతా ఆ ఒక్క వచనంతోనే సరిపెట్టారు. దానికి ముందున్న పదో వచనం ఊసే లేదు. బబులోను చెరలో ఉన్న తన జనాన్ని డెబ్బై సంవత్సరాలు గడిచిన తర్వాతే తిరిగి రప్పిస్తానని దేవుడు చెప్పింది అందులోనే. సండే స్కూల్లో పెద్ద పిల్లలకు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ అధ్యాయంలో ఎక్కువ భాగం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో యెకోన్యా రాజుతో పాటు బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి పంపాడు. త్వరలోనే ఇంటికి వచ్చేస్తారని ఆశపెట్టే ప్రవక్తలు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త చెప్పిన గడువు రెండేళ్లే. దేవాలయంలో అందరి ముందూ ఆ మాట చెప్పి, బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. చిత్రమేమిటంటే హనన్యా మాటకు యిర్మీయా ముందు "ఆమేన్" అనే అన్నాడు. ఆయనకు మాత్రం జనం తిరిగి రావాలని ఉండదా? కానీ ఆ మాట దేవుడు పంపింది కాదు.

ఇక ఉత్తరంలో ఏముంది? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరగా తెచ్చిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని ఉంది. తరగతిలో ఇది చదివించినప్పుడు ఒక అమ్మాయి, "టీచర్, అయితే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లు ఇంటికి వెళ్లకుండానే చనిపోయి ఉంటారు కదా?" అంది. చాలామంది సంగతి అంతే. అసలు ప్రసంగం మొదలవ్వాల్సింది ఆ ప్రశ్న దగ్గర. మనవాళ్లు అక్కడిదాకా రాకుండానే ముగింపు ప్రార్థన చేసేస్తారు.

దీనివల్ల నష్టమేమిటి, జనం సంతోషంగానే వెళ్తున్నారుగా అంటారేమో. నాకు తెలిసిన ఒకాయనకు ఉద్యోగం పోయింది. ఒక ప్రసంగీకుడు ఇదే వచనం ఇచ్చి, "ఈ సంవత్సరంలోనే నెరవేరుతుంది" అని గట్టిగా చెప్పాడు. ఏడాది తిరిగింది, ఉద్యోగం రాలేదు. ఆయన దేవుణ్ణీ ఏమీ అనలేదు, ఆ ప్రసంగీకుణ్ణీ ఏమీ అనలేదు. తన విశ్వాసంలోనే లోపం ఉందనుకుని ఉపవాసాలు పెంచాడు. ఇప్పుడు సాక్ష్యాలు చెప్పే సమయం వస్తే చివరి వరుసలోకి జరిగి తల దించుకుని కూర్చుంటున్నాడు. డెబ్బై ఏళ్ల మాట కూడా ఆయనకు వినిపించి ఉంటే, ఆలస్యం తన పాపం వల్లేనని అనుకునేవాడు కాదు.

ఇదొక్కటే కాదు. పరీక్షలప్పుడు పిల్లలకు ఫిలిప్పీ 4:13 ఇస్తాం, "సమస్తమును చేయగలను" అని. పౌలు అది రాసింది బంధకాల్లో ఉండి. ఆకలితో ఉండడం కూడా నేర్చుకున్నానన్న మాటకు కొనసాగింపుగా. ఆయన 12, 13 అని అంకెలు వేసి రాయలేదు. కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచనాల అంకెలు రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేసినవి. దశమభాగం తెమ్మనే మలాకీ 3:10 సరే సరి, కానుకలప్పుడు తప్పకుండా వినిపిస్తుంది. కూలివాళ్ల జీతం విషయంలో, విధవరాండ్ర విషయంలో, తండ్రిలేనివాళ్ల విషయంలో అన్యాయం చేసేవాళ్ల మీద తీర్పు అదే అధ్యాయం ఐదో వచనంలో ఉంది. కానుకల సంచి తిరిగే వేళ దాన్ని చదివినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

దేవుడు ఒక్క వచనంతో కూడా మాట్లాడతాడంటారు. నిజమే, నాతోనూ మాట్లాడాడు. కానీ ఇంట్లో ఒంటరిగా చదువుకుని ఆదరణ పొందడం వేరు, పుల్పిట్ ఎక్కి వందమందికి గడువు పెట్టి హామీ ఇవ్వడం వేరు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమంటూ అపవాది యేసుకు చెప్పింది కూడా 91వ కీర్తనలోని మాటే కదా.

అందుకని మీకొక మనవి. ఆ శీర్షికలో వచనంతో పాటు దాని ముందువీ వెనకవీ నాలుగేసి వచనాలు కూడా అచ్చు వేయండి. చోటు చాలకపోతే పక్కనున్న సూర్యోదయం బొమ్మను కాస్త చిన్నది చేయవచ్చు. పాస్టర్లకూ అదే మనవి: ప్రసంగానికి ముందు అధ్యాయం మొత్తం ఎవరిచేతనైనా బిగ్గరగా చదివించండి. ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివితే జనం నిలబడి విన్నారని నెహెమ్యా 8లో ఉంది. యిర్మీయా 29లో ఉన్నవి 32 వచనాలు. చదవడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. ప్రకటనలకే మనం అంతకన్నా ఎక్కువ తీసుకుంటున్నాం.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్