రథచక్రాలు భక్తి గీతం కాదు

సంపాదకులకు నమస్కారం.

జూన్ 15న శ్రీశ్రీ వర్ధంతికి మా బరంపురంలో ఒక తెలుగు సంఘం పిల్లలకు గేయపఠన పోటీ పెట్టింది. ఏడో తరగతి చదివే మా మనవరాలు ‘జగన్నాథుని రథచక్రాలు’ ఎంచుకుంది. దాని బడిలో తెలుగు లేదు. గేయమంతా ఒడియా లిపిలో రాసుకుని నెల రోజులు వల్లె వేసింది. తీరా వేదిక మీదికి పిలుస్తూ వ్యాఖ్యాత, ‘రథయాత్ర దగ్గర పడింది కదా, స్వామివారి మీద ఒక చక్కని భక్తి గీతం’ అన్నారు. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు చేతులు కూడా జోడించారు.

ఇంటికి వస్తూ అది అడిగింది: ‘తాతయ్యా, ఇందులో దేవుడు ఎక్కడున్నాడు?’

పతితులను, భ్రష్టులను పేరుపేరునా పిలిచి, ఆకాశంలోని రథచక్రాలను నేల మీదికి లాగుతానన్న గేయమది. వేలమంది చేతులు పడితే తప్ప రథం కదలదని పూరీ చూసిన ఒడిశా పిల్లలకు వేరే చెప్పాలా? చెప్పవలసింది కవి ఆ మాట ఎందుకన్నాడో. అదొక్కటే ఎవరూ చెప్పలేదు. పైగా ముఖ్య అతిథి ‘కవిత్వం తీసుకుందాం, రాజకీయాలు వదిలేద్దాం’ అని సెలవిచ్చారు.

వదిలేస్తే మిగిలేది ఏమిటి? 1930ల ఆకలి, నిరుద్యోగం లేకుండా ‘మహాప్రస్థానం’ లేదు. 1970లో విశాఖలో ఆయన షష్టిపూర్తి సభలకు పెద్దపెద్ద రచయితలంతా వచ్చారు. అక్కడే విద్యార్థులు ‘రచయితలారా మీరెటు వైపు?’ అని కరపత్రం పంచారు. సన్మానం జరుగుతున్న చోట అలాంటి ప్రశ్న ఎదురైతే ముఖం చిట్లించుకునేవారే ఎక్కువ. అదే ఏడాది జులై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడితే, అరవై ఏళ్ల శ్రీశ్రీ దానికి తొలి అధ్యక్షుడయ్యారు. విద్యార్థుల ఆ ప్రశ్న వెనుక శ్రీకాకుళం గిరిజన రైతుల సాయుధ పోరాటం ఉంది. ఒడియా ఇంట పుట్టి, ఆ జిల్లాలోని బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉంటూ, పాటలతో కథ చెప్పే జానపద కళ అయిన జముకుల కథను తెలుగులో కట్టిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల తూటాలకు బలయ్యాడు. సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు ఆయన పరాయివాడా?

శ్రీశ్రీ రాజకీయాలన్నిటితో నేనూ ఏకీభవించను. సినిమా పాటలకు, ఉద్యమానికి మధ్య ఆయన ఊగిసలాడిన మాటా నిజమే. అయితే ఆ ఊగిసలాటతో సహా చెప్పాలి. పౌరహక్కుల ఉద్యమంలో నిలబడిన మనిషిని దండ వేసిన ఫొటోగా మార్చి పిల్లల ముందు పెట్టడం ఏం న్యాయం?

నిర్వాహకులకు ఒక్క విన్నపం. వచ్చే ఏడు గేయంతో పాటు దాని అర్థం, కవి జీవితం ఒక కాగితం మీద ఒడియాలో అచ్చు వేసి ముందుగానే పిల్లలకు పంచండి. రాసిచ్చే పని నాది. అచ్చు ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను.

— ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా