మగ్గం ఆగిన చోట చార

విజయవాడ,
సత్యనారాయణపురం

ప్రియమైన రామకృష్ణకు,

నీ ఉత్తరం అందింది. మన ఊరి చరిత్ర రాయాలని రెండేళ్లుగా కాగితాలు పోగుచేసి, తీరా రాయడానికి కూర్చుంటే పావుగంటైనా మనసు నిలవడం లేదని, అరవై దాటాక ఇక ఏకాగ్రత కుదరదేమోనని నువ్వు రాసిన మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. లోపం నీ వయసులో లేదని, పనిని ముందు పెట్టుకునే తీరులో ఉందని నా నమ్మకం. ఆ సంగతి నాకు వయొలిన్ నేర్పింది.

తొలి పాఠాలైన సరళీ స్వరాలకు చేయి అలవాటుపడ్డాక నా వేళ్లు తమ దారిన తాము వాయిస్తుంటే మనసు బీసెంట్ రోడ్డులో తిరిగేది. తరువాత మోహన రాగంలో వర్ణం అనే పెద్ద అభ్యాస రచన మొదలుపెట్టి, తొందరపడి రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి వెళ్లేసరికి ఒళ్లు బిగుసుకుపోయి, పది నిమిషాలకే కమాను దించేసేవాణ్ణి. మా గురువుగారు అది గమనించి, వర్ణమంతా పక్కన పెట్టి, దాని తొలి భాగమైన పల్లవిలో మొదటి ఆవర్తనం, అంటే ఒక్క తాళపు చుట్టు మాత్రమే రెండో కాలంలో శుద్ధంగా పలికేదాకా వాయించమన్నారు. ఆ సాయంత్రం అయిదున్నరకు కూర్చున్నాను. వయొలిన్ మీద మెట్లుండవు కదా, వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతిపెట్టె పక్కన ఆ తేడా అప్పటికప్పుడే చెవికి తగులుతుంది. వినడం, సవరించుకోవడం, మళ్లీ వినడం తప్ప వేరే ధ్యాస లేదు. మా ఆవిడ వచ్చి భోజనానికి లేవమనేసరికి ఎనిమిది దాటింది. నడుము నొప్పి కూడా అప్పుడే తెలిసింది.

ఈ స్థితి గురించి జీవితమంతా పరిశోధించినవాడు మిహాయ్ చీక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1934లో హంగేరియన్ కుటుంబంలో పుట్టి, అమెరికాలో స్థిరపడ్డాడు. బొమ్మ గీస్తున్నంతసేపూ ఆకలీ అలసటా మరిచిపోయే చిత్రకారులు, అది పూర్తి కాగానే దానిపై ఆసక్తి వదులుకోవడం చూసి, వాళ్లకు ఆనందం ఫలితంలో కాక గీయడంలోనే ఉందని గ్రహించాడు. తరువాత కొండలెక్కేవాళ్లను, చదరంగం ఆడేవాళ్లను, శస్త్రచికిత్స చేసే వైద్యులను అడిగితే, నీటి ప్రవాహం తమను తీసుకుపోతున్నట్టుంటుందని చాలామంది చెప్పారట. అందుకే దానికి 'ఫ్లో' అని పేరు పెట్టాడు. పని మన శక్తికి మించితే కంగారు, తగ్గితే విసుగు. శక్తికి కాస్త ముందుండి, ఇప్పుడేం చేయాలో స్పష్టంగా తెలుస్తూ, చేసింది సరిగా ఉందో లేదో వెంటనే చెప్పే పనిలోనే మనిషి మునుగుతాడని ఆయన తేల్చాడు. నా సరళీ స్వరాల విసుగు, వర్ణం కంగారు రెండూ అందులో ఉన్నాయి.

అవధానులు ఎనిమిది పనులు ఒకేసారి చేయలేదా అని అడిగావు. అవధానాలకు పేరుపొందిన కొప్పరపు సోదర కవుల సీమవాడివి కనుక ఆ ప్రశ్న నీకు సహజమే. కానీ ప్రశ్న వేసే ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పే క్షణంలో అవధాని ముందు ఛందస్సు, ఆ ఒక్క నిబంధన మాత్రమే ఉంటాయి. గణం తప్పితే ఆయన చెవే ముందు చెబుతుంది. మిగిలిన ఏడుగురికీ వంతు వచ్చినప్పుడే మనసు ఇస్తాడు. అది చెదిరిన మనసు కాదు, వంతులవారీగా పూర్తిగా ఇచ్చిన మనసు.

మొన్న మంగళగిరిలో నాకు తెలిసిన ఒక నేతగాడి గుంట మగ్గం దగ్గర గంటసేపు కూర్చున్నాను. అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ పోతుంటే ఆయన చెవి శబ్దం మీదే ఉంది; పోగు తెగితే కంటికంటే ముందు చెవికి తెలుస్తుందన్నాడు. మధ్యలో ఎవరైనా పిలిస్తే వెంటనే లేవడు. మగ్గం ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట పోగును బిగించే దెబ్బలో తేడా వచ్చి గుడ్డలో చార పడుతుందని, నాకు చూపించడానికి ఒక పాత చీరను వెలుతురుకు పట్టాడు. నిజంగానే సన్నటి గీత ఉంది. నా సాధనలో ఫోను మోగిన ప్రతిసారీ అలాంటి చార పడుతూనే ఉంటుంది కాబోలు, చెవికి పట్టుబడదంతే.

ఇక నీ పుస్తకం. ఊరి చరిత్ర అనేది కూర్చుని రాసే పని కాదు రామకృష్ణా, అది వర్ణమంతా రెండో కాలంలో వాయించమనడమే. రేపు ఉదయం మెకంజీ దొర సేకరింపజేసిన గ్రామ వృత్తాంతం, అదే కైఫీయతు, నకలులో మన చెరువు గురించి ఉన్న నాలుగు వాక్యాలు మాత్రమే ముందు పెట్టుకో. వాటిని నేటి తెలుగులో ఒక పేరాగా రాయి; మన అమ్మాయిలకు అర్థమయ్యేలా ఉండాలి, మూలంలో లేని మాట ఒక్కటీ చేరకూడదు. అది నీ పల్లవి. ఫోను పక్క గదిలో పెట్టి, గంటపాటు పిలవవద్దని చెల్లెమ్మకు ముందే చెప్పు. వయొలిన్ వెంటనే బదులిస్తుంది, కాగితం ఇవ్వదు. రచనలో నాకు కనిపించిన పెద్ద కష్టం అదే. కనుక ఆ బదులు నేనిస్తాను. రోజూ రాత్రి ఏడున్నరకు ఫోను చేసి ఆనాటి పేరా చదువు. ఎక్కడ నా చెవి తడబడిందో అక్కడే ఆపి చెబుతాను. రేపటి నుంచే వింటాను.

నీ
సూర్యం