మా ఊరి రూలు మా ఊరికే వదిలేయండి

ఒహాయో రాష్ట్ర సెనేటర్ గారికి,

నమస్కారం. కొలంబస్‌లో స్థిరపడిన తెలుగువాణ్ణి. మొన్న వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేస్తుంటే మా అబ్బాయి జీన్స్ జేబులోంచి ఏదో జారిపడింది. హైలైటర్ పెన్ అనుకున్నాను. వాసన చూస్తే అచ్చం మామిడి తాండ్ర! అది వేప్, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్. వాడికి పదిహేనేళ్లు.

మా సిటీ కౌన్సిల్ 2022 డిసెంబర్‌లో ఫ్లేవర్డ్ పొగాకు అమ్మకాలను నిషేధించింది, ఇలాంటి వేప్‌లు, మెంథాల్ (పుదీనా రుచి) సిగరెట్లతో సహా. 2024 జనవరి 1న అది అమల్లోకొచ్చింది. నెల తిరక్కుండానే, 24న, మీ సెనేట్ గవర్నర్ డివైన్ వీటోను తోసిపుచ్చి, ఇలాంటి స్థానిక చట్టాలు చెల్లవనేసింది. అంతకుముందు ఆయన దాన్ని వీటో చేసింది, అంటే తిరస్కరించింది, ఒక్కసారి కాదు, రెండుసార్లు. రెండోసారి మీరు, ఊళ్ల చట్టాలు చెల్లవనే ఆ క్లాజును బడ్జెట్ బిల్లులో దూర్చారు. రోడ్లు, స్కూళ్ల లెక్కల మధ్య పొగాకుకేం పనండీ?

ఊరికో రూలుంటే దుకాణదారులకు టెన్షన్ అంటున్నారు. సరే, ఒకే రూలు కావాలంటే రాష్ట్రమంతటా ఫ్లేవర్లు ఆపేయండి. గవర్నర్ కోరిందీ అదే.

నగరాలకు స్వపరిపాలన హక్కు 1912 నుంచీ ఒహాయో రాజ్యాంగంలో ఉంది. దాన్ని పట్టుకునే కొలంబస్, మరికొన్ని నగరాలు కోర్టుకెళ్లాయి. 2024లో మా ఫ్రాంక్లిన్ కౌంటీ జడ్జి మీ చట్టాన్ని ఆపారు. దయచేసి ఇదే క్లాజును ఇంకో బిల్లులో మళ్లీ తేకండి.

మా వాడు ఆ వేప్ ఎక్కడ కొన్నాడో ఇప్పటికీ చెప్పడం లేదు.

ఇట్లు,
కొలంబస్ ఓటరు, ఒక తండ్రి