ఇంధన సూచిక లెక్క దాచడం ఎందుకు?

సంపాదకులకు,

కారు డాష్‌బోర్డు మీది సూచికల్లో వేగం చూపేదానికి ఒక హద్దు ఉంది. ఐక్యరాజ్య సమితి 39వ నంబరు వాహన నిబంధన ప్రకారం అది అసలు వేగం కన్నా తక్కువ చూపడానికి వీల్లేదు; ఎక్కువ చూపినా ఆ తేడా అసలు వేగంలో పదో వంతుకు గంటకు మరో 4 కిలోమీటర్లు కలిపినంతకు మించకూడదు. ఇంధన సూచిక జోలికి ఆ నిబంధన పోదు. ముల్లు సగం దగ్గర ఉంటే ట్యాంకులో నిజంగా సగమే ఉందా అన్న ప్రశ్నకు కారుతో ఇచ్చే పుస్తకంలో కూడా సాధారణంగా జవాబు దొరకదు.

ట్యాంకులో ఒక కడ్డీ చివర తేలే ఫ్లోట్ ఇంధన మట్టంతో పాటు లేస్తూ దిగుతూ విద్యుత్ నిరోధాన్ని మారుస్తుంది, ఆ మార్పే మనకు ముల్లు కదలికగా కనిపిస్తుంది. అంటే ఈ అమరిక కొలిచేది మట్టం ఎత్తును; లీటర్లు దాని నుంచి ఊహించినవి. ఇరుసుకూ ఎగ్జాస్ట్ గొట్టానికీ చోటు వదిలి సీటు కింద ఇరికించిన ట్యాంకు ఆకారం వంకరటింకరగా ఉంటుంది కాబట్టి, మట్టం పైభాగంలో ఒక సెంటీమీటరు దిగితే తగ్గే ఇంధనమూ అడుగున అంతే దిగితే తగ్గేదీ సమానం కావు. ఇప్పటి కార్లలో కంప్యూటరు ఆ ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కుదుపులకు ముల్లు ఊగిపోకుండా కొంతసేపటి సగటు తీసి మరీ చూపిస్తుంది. అయినా వాలు మీద నిలిపిన కారులో మట్టం ఒక పక్కకు ఒరిగితే ఆ లెక్క తప్పుతుంది.

ఇవి యంత్రానికి ఉన్న పరిమితులు, వీటి మీద నాకు ఫిర్యాదు లేదు. నా అభ్యంతరమల్లా తయారీదారులు తెలిసి చేసే సర్దుబాటు గురించి. ట్యాంకు నింపాక చాలా దూరం నడిపినా ముల్లు కదలదు, ఎందుకంటే పూర్తిగా నిండకముందే ఫ్లోట్ తన పై హద్దును తాకి ఆగిపోతుంది. (దాన్ని చూసి మైలేజీ పెరిగిందని సంబరపడేవారూ ఉన్నారు.) అడుగున ముల్లు ఖాళీ గీతను తాకిన తర్వాత కూడా కొంత ఇంధనం మిగిలే ఉండేలా అమరుస్తారు. ఉద్దేశం మంచిదే, కానీ ఎంత మిగులుతుందో చెప్పకపోవడం వల్ల ప్రతి ఒక్కరూ తమకు తోచిన అంకెను నమ్ముకుని ఆ మిగులును కూడా వాడేస్తున్నారు. చాలా కార్లలో ఇంధన పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ ఇంధనమే. పదేపదే అడుగంటే దాకా నడిపితే పంపు వేడెక్కి త్వరగా పాడవుతుంది.

ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్లవచ్చో చూపే అంకె మీద నమ్మకం మరీ ఎక్కువ. అది ఇటీవలి వాడకం సగటును బట్టి వేసిన అంచనా. సాఫీ రోడ్డు మీద నుంచి ఘాట్ ఎక్కితే చూస్తుండగానే పడిపోతుంది, దిగేటప్పుడు పెరగనూ వచ్చు.

హెచ్చరిక దీపం వెలిగినప్పుడు ఎన్ని లీటర్లు ఉంటాయి, ముల్లు ఖాళీ గీత మీద ఉన్నప్పుడు ఎన్ని ఉంటాయి, సమతల నేల మీద తేడా ఎంతవరకు రావచ్చు అన్న మూడు అంకెలను తయారీదారులు ప్రతి మోడల్‌కూ అచ్చువేయాలని, వేగ సూచికకు హద్దు పెట్టిన నియంత్రణ సంస్థలు ఇందుకూ ఒకటి పెట్టాలని కోరుతున్నాను. ఆ అంకెలు తెలిస్తే జనం చివరి చుక్క దాకా నడుపుతారని కొందరు అంటారు. ఇప్పుడు నడుపుతున్నదీ అలాగే, కాకపోతే ఊహ మీద. అంతవరకు, దీపం వెలిగిన వెంటనే సమతలంలో నిలిపి, బంకులోని పంపు దానంతట అది ఆగేదాకా నింపించి, పుస్తకంలోని ట్యాంకు సామర్థ్యంలోంచి పట్టిన లీటర్లను తీసేస్తే ఎవరి కారు మిగులు వారికి సుమారుగా తెలుస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు